అయిదో బ్యాటరీ పెట్టే ముందు

మాసబ్‌ట్యాంక్ వైపు నుంచి బంజారాహిల్స్‌లోకి ఎక్కే రోడ్డు మీద నాలుగైదేళ్ల పాత ఎలక్ట్రిక్ స్కూటర్‌ను గుర్తుపట్టడం తేలిక. వెనక ఒక మనిషి కూర్చుంటే చాలు, బండి నడక వేగానికి పడిపోతుంది. మీటరులో ఛార్జింగ్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఎత్తు దాటి చదునుకు రాగానే అవే గీతలు మళ్లీ వెలుగుతాయి. జబ్బు ఏమిటో ఆ గీతలు పోయి రావడంలోనే చాలావరకు కనిపిస్తుంది. కానీ మెకానిక్ దగ్గరికి తీసుకెళితే వినిపించే మాట వేరు: "48 మీద ఉందన్నా, 60 చేసేద్దాం. ఇంకో బ్యాటరీ పెడితే గాలిలా పోతది."

ఆ మాటలో సగం నిజం ఉంది. వోల్టేజీ పెంచితే మోటార్ మరింత వేగంగా తిరుగుతుంది. కానీ పాత బండికి సాధారణంగా కొరవడేది బరువు లాగే సత్తువ. ఆ సత్తువ ఎక్కడ కారిపోతోందో చూడకుండా వోల్టేజీ పెంచితే, మోటార్‌కు కరెంటును అందించి అదుపు చేసే కంట్రోలర్ కాలిపోవడమో, కొత్త బ్యాటరీ ఏడాది తిరగకుండా చచ్చిపోవడమో జరుగుతుంది. పైగా డబ్బు పెట్టిన పనే కాబట్టి తప్పు ఎక్కడుందో వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ.

ఎత్తు ఎక్కడానికి ఎంత కావాలో ముందు లెక్క వేద్దాం. బ్యాటరీలతో కలిపి బండి 85 కిలోలు, ఇద్దరు మనుషులు 130 కిలోలు, మొత్తం 215. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేస్తుందనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 800 వాట్లు కావాలి. మోటార్‌లో, కంట్రోలర్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు 1000 వాట్లు రావాలి. 48 వోల్టుల దగ్గర అది 21 ఆంపియర్లు. బండి కాగితాల్లో 250 వాట్లు అని ఉన్నా ఎక్కుతున్న ఆ కాసేపు ఇంత లాగక తప్పదు. కాగితం మీది 250 అనేది మోటార్ అతిగా వేడెక్కకుండా అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి.

ఇప్పుడు ఆ 21 ఆంపియర్లు పాత బ్యాటరీ నుంచి వచ్చే తీరు చూడాలి. ఒక్కోటి 12 వోల్టుల నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు వరుసలో ఉన్న 48 వోల్టుల బండి నిండుగా ఛార్జ్ అయ్యి, కాసేపు ఊరికే ఉన్నాక 51 వోల్టుల దాకా చూపిస్తుంది. పాతదైనా, కొత్తదైనా ఈ అంకె పెద్దగా మారదు. మారేది లోపలి నిరోధం, అంటే కరెంటుకు బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డు. మంచి స్థితిలో ఉన్న సెట్టులో అది 0.08 ఓమ్‌ల దగ్గర ఉంటే 20 ఆంపియర్లు లాగినప్పుడు పడిపోయేది 1.6 వోల్టులే. ప్లేట్లు గట్టిపడి, లోపలి తేమ ఎండిపోయిన సెట్టులో అదే నిరోధం 0.4 ఓమ్‌లకు చేరితే 8 వోల్టులు పడిపోతాయి. 51 కాస్తా 43 అవుతుంది. 160 వాట్లు బ్యాటరీ పెట్టెలోనే వేడిగా పోతాయి. 48 వోల్టుల కంట్రోలర్లు చాలావరకు 42 దగ్గర సరఫరా ఆపేసేలా తయారవుతాయి. ఆ హద్దుకు ఒక్క వోల్టు దూరంలో బండి ఊగిసలాడుతుంటుంది. చదునుకు రాగానే కరెంటు తగ్గి వోల్టేజీ లేస్తుంది, గీతలు తిరిగొస్తాయి. మాయలా అనిపించేది ఇదే.

హైదరాబాద్ ఎండ దీనికి తోడు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని వాడుకలో ఉన్న లెక్క. ఏప్రిల్, మే నెలల్లో రోజంతా ఆఫీసు బయట ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద ఉష్ణోగ్రత బయటి 40 డిగ్రీల కంటే ఎక్కువే ఉంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే, ఆ వేడి దిగకముందే ఛార్జింగ్ పెట్టడం చాలామందికి అలవాటు. మూడేళ్లు రావాల్సిన సెట్టు ఏడాదిన్నరకే నీరసించడానికి చాలాసార్లు ఇంతకు మించిన రహస్యం ఉండదు.

కాబట్టి వోల్టేజీ పెంచాలా వద్దా అనే ప్రశ్నకు ముందు చేయాల్సింది కొలత. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ సరిపోతుంది. దాని తీగలను బ్యాటరీ సెట్టు చివరి రెండు టెర్మినళ్లకు, ఒకదానికొకటి తగలకుండా గట్టిగా కట్టి, వెనక కూర్చున్న మనిషి చేతికి మీటర్ ఇచ్చి ఎత్తు ఎక్కించాలి. సెంటర్ స్టాండ్ మీద చక్రం తిప్పి చూస్తే లాభం లేదు, అప్పుడు భారం ఉండదు కనుక ఏ బ్యాటరీ అయినా బాగానే కనిపిస్తుంది. భారం మీద మొత్తం వోల్టేజీ ఎంత పడుతోందో తెలిశాక ఒక్కో బ్యాటరీని విడిగా కొలవాలి. మూడు 12కు దగ్గరగా నిలబడి, ఒక్కటి 9కి జారితే దొంగ దొరికినట్టే. నాలుగూ సమానంగా పడితే సెట్టు మొత్తం ముసలిదైంది.

ఈ కొలతలో ఇంకో విషయం కూడా బయటపడుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర 49 ఉండి కంట్రోలర్ తీగల దగ్గర 46 ఉంటే, మధ్యలో ఎక్కడో 3 వోల్టులు మాయమవుతున్నాయి. వదులైన లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క), తుప్పు పట్టిన ఫ్యూజు హోల్డర్, మాడిన ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తెంచే స్విచ్), వీటిలో ఏదో ఒకటి కారణం. ఎక్కి దిగిన వెంటనే చేతితో తాకినా కాలుతుంటుంది. బ్రేకు షూ చక్రాన్ని ఒరుసుకుంటూ ఉండటం, టైర్లలో గాలి తక్కువగా ఉండటం కూడా ఈ జాబితాలోవే. వీటిని చెప్పే మెకానిక్‌కు బేరం పెద్దగా ఉండదు. అందుకే ఇవి మొదట చెప్పే మెకానిక్‌ను వదులుకోకూడదు.

వోల్టేజీ ఏం చేస్తుంది, ఏం చేయదు

చక్రంలోనే ఇమిడి ఉండే హబ్ మోటార్ ఎంత వేగంగా తిరుగుతుందన్నది దానికి అందే వోల్టేజీని బట్టి ఉంటుంది. ఎంత బలంగా తిప్పుతుందన్నది దానిలోంచి పారే కరెంటును బట్టి ఉంటుంది. 48 నుంచి 60కి వెళితే, భారం లేనప్పటి వేగం నాలుగో వంతు పెరుగుతుంది. నిలబడిన చోటు నుంచి లేచేటప్పుడు మాత్రం మోటార్‌లోకి పోయే కరెంటుకు కంట్రోలరే హద్దు పెడుతుంది. వోల్టేజీ పెంచినా ఆ హద్దు పెద్దగా కదలదు. అందుకే ఫ్లైఓవర్ మొదట్లో ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదలలేకపోయిన బండి 60 వోల్టుల మీద కూడా దాదాపు అలాగే మొరాయిస్తుంది. వేగం అందుకున్నాక తేడా తెలుస్తుంది: 48 వోల్టుల మీద 20 ఆంపియర్లంటే 960 వాట్లు, 60 మీద అదే 20 అంటే 1200 వాట్లు. 20తో ఎక్కిన ఎత్తును 25 దాకా వేగంతో ఎక్కవచ్చు.

వోల్టేజీకి న్యాయంగా దక్కాల్సిన ప్రశంస ఒకటుంది. ఒకే శక్తి కావాలంటే వోల్టేజీ ఎక్కువైన కొద్దీ కరెంటు తక్కువ సరిపోతుంది, తీగల్లో, కనెక్టర్లలో వేడి తగ్గుతుంది. కొత్త బళ్లు 60, 72 వోల్టుల వైపు వెళ్లడానికి ఇది ఒక కారణం. కానీ అవి మొదటి నుంచీ ఆ వోల్టేజీకే కట్టిన బళ్లు. పాత బండిలో బ్యాటరీని మాత్రమే మార్చి ఆ లాభం పొందాలనుకుంటే మిగతా భాగాలన్నీ అడ్డుపడతాయి.

మొదటి అడ్డు కంట్రోలర్. 48 వోల్టుల కోసం చేసిన కంట్రోలర్‌లో సాధారణంగా 63 వోల్టుల దాకా మాత్రమే తట్టుకునే కెపాసిటర్లు ఉంటాయి. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జర్ మీద ఉన్నప్పుడు 59 దాకా వెళతాయి కాబట్టి అది సరిపోయే లెక్కే. అయిదు బ్యాటరీలు ఛార్జింగ్ చివర్లో 73 దాకా వెళతాయి. తీసిన తర్వాత కూడా 65 దగ్గర కాసేపు నిలబడతాయి. 60 వోల్టుల లిథియం ప్యాక్ నిండుగా 67.2. రెండూ ఆ కెపాసిటర్ హద్దు దాటినవే. మొదటి రోజే పేలాలని లేదు. కొన్ని వారాలు బాగానే నడిచి, ఒక ఉదయం ఫుల్ ఛార్జింగ్ మీద తాళం తిప్పగానే టప్‌మని పోతుంది. "నా బండికి ఆరు నెలలుగా ఏం కాలేదు" అనే మాటను సాక్ష్యంగా తీసుకోకూడదంటే కారణం ఇదే. కెపాసిటర్‌తో పాటు కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లైన మాస్‌ఫెట్లకూ తమ తమ వోల్టేజీ హద్దులు ఉంటాయి. అవి మధ్యలో షార్ట్ అయి పోతే వెనక చక్రం తిరగడానికి మొరాయించి బిగుసుకున్నట్టు అవుతుంది. నడిరోడ్డు మీద అది ప్రమాదమే. కంట్రోలర్ మీది లేబుల్‌లో 48/60 అని రెండూ ఉంటే తప్ప ఉన్నదానితో సర్దుకోవడం కుదరదు.

దీనికంటే నిశ్శబ్దంగా జరిగే నష్టం ఇంకొకటి. 42 వోల్టుల దగ్గర ఆగిపోయే కంట్రోలర్ నాలుగు బ్యాటరీలను ఒక్కొక్కటీ 10.5 కిందికి దిగకుండా కాపాడుతుంది. అదే కంట్రోలర్‌కు అయిదు బ్యాటరీలు కడితే 42 అంటే ఒక్కోదానికి 8.4. అంతదాకా బండి ఆగదు. నడిపేవాళ్లు "రేంజ్ పెరిగింది" అని సంతోషిస్తారు. నిజానికి ప్రతిరోజూ బ్యాటరీలు తట్టుకోలేనంత లోతుగా ఖాళీ అవుతుంటాయి. లిథియం ప్యాక్‌లో సెల్‌లను కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉండి దీన్ని ఆపుతుంది. లెడ్ యాసిడ్‌కు అలాంటి కాపలా లేదు.

ఇక మెకానిక్ చెప్పే ఆ అయిదో బ్యాటరీ. వరుసలో కట్టిన బ్యాటరీల గుండా పారే కరెంటు అన్నిటికీ ఒకటే. రెండేళ్లు వాడిన నాలుగింటి పక్కన కొత్తది ఒకటి పెడితే, ముసలివి ముందే ఖాళీ అయిపోతాయి, కొత్తదానిలో ఇంకా మిగిలే ఉంటుంది. కొత్తది తోస్తూనే ఉంటుంది, ఖాళీ అయినవి ఆ ఒత్తిడికి ఇంకా చెడతాయి. ఛార్జింగ్ అప్పుడు ఛార్జర్ చూసేది మొత్తం వోల్టేజీనే. ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. ఒకటి ఉబ్బేదాకా నిండుతుంది, ఇంకొకటి సగంలో ఉండిపోతుంది. ఫుట్‌బోర్డు మీద గోనెసంచిలో చుట్టి పెట్టిన ఆ అయిదో బ్యాటరీ టెర్మినల్‌కు కాలి చెప్పు తగిలే దూరంలో తీగలు ఉండటం అదనపు భయం. ఈ పద్ధతిని సమర్థించడానికి ఒక్క కారణం కూడా దొరకదు.

కంట్రోలర్ మార్చినా పని అయిపోదు. హెడ్‌లైట్, హారన్, ఇండికేటర్లకు 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ కూడా కొత్త వోల్టేజీని తట్టుకోవాలి. అది పోతే రాత్రి ఔటర్ సర్వీస్ రోడ్డు మీద దీపం లేకుండా మిగులుతారు. మీటరులోని ఛార్జింగ్ గీతలు పాత లెక్క ప్రకారమే వెలుగుతాయి కాబట్టి బ్యాటరీ అడుగంటుతున్నా నిండుగా చూపిస్తాయి. ఛార్జర్ మారాలి. అసలు చిక్కు ఏమిటంటే 48, 60 ఛార్జర్ల ప్లగ్గులు చాలాసార్లు ఒకే ఆకారంలో ఉంటాయి. ఇంట్లో రెండూ ఉంటే ఏదో ఒక రాత్రి తారుమారు కావడం ఖాయం. పాత ఛార్జర్‌ను ఆ రోజే ఇంట్లోంచి పంపేయడం మంచిది. 72కి వెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: 60 వోల్టుల డీసీ దాటిన బ్యాటరీని వాహన భద్రతా ప్రమాణాలు షాక్ ప్రమాదం ఉన్న తరగతిలో చేర్చాయి. నిండుగా ఉన్న 72 వోల్టుల లిథియం ప్యాక్ 84 దగ్గర ఉంటుంది. దాన్ని తడిచేత్తో ముట్టకూడదు, ఇంటి కరెంటుకు వాడే మామూలు ఎంసీబీ దాని నిప్పురవ్వను నమ్మకంగా తెంచలేదు.

లిథియంకు మారడం

పాత సెట్టు ఎలాగూ పోయింది కనుక మార్చేటప్పుడే లిథియంకు వెళ్లాలనుకోవడం సబబైన ఆలోచన. చాలా బళ్లకు ఇదే అసలు మందు కూడా. వోల్టేజీ పెంచకుండానే. ఒక్కోటి దాదాపు 7 కిలోలుండే నాలుగు బ్యాటరీల స్థానంలో దాదాపు మూడో వంతు బరువున్న ప్యాక్ వస్తుంది. భారం మీద వోల్టేజీ నిలబడుతుంది. లెడ్ యాసిడ్‌లో ఎక్కువ కరెంటు లాగేకొద్దీ చేతికి అందే సామర్థ్యం తగ్గిపోతుంది, లిథియంలో ఆ తరుగు చాలా తక్కువ. అదే కంట్రోలర్, అదే మోటార్ ఉన్నా బండికి వయసు తగ్గినట్టుంటుంది.

ఇక్కడ "48 వోల్టులు" అనే మాట మోసం చేస్తుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం లిథియం సెల్‌లు 13 వరుసగా పెట్టిన ప్యాక్ నిండుగా 54.6 వోల్టులు. 14 పెడితే 58.8. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో 16 సెల్‌లు పెట్టిన ప్యాక్ పేరుకు 51.2, నిండుగా 58.4. దుకాణంలో మూడింటినీ 48 అనే పిలుస్తారు. మూడూ పాత కంట్రోలర్‌కు అలవాటైన 59 వోల్టుల లోపలే ఉంటాయి, కానీ ఖాళీ అవుతున్నా వోల్టేజీ పెద్దగా జారకుండా నిలబడేది ఈ చివరిదే. ఛార్జింగ్ గుర్తుల దగ్గర కాస్త తేడా వచ్చినా, హైదరాబాద్ ఎండలకు ఎన్‌ఎంసీ కంటే ఎల్‌ఎఫ్‌పీ తట్టుకునే గుణం ఎక్కువ. పాడైనప్పుడు అదుపు తప్పి మండే స్వభావం కూడా తక్కువ. ఈ నగరంలో పాత బండికి ప్యాక్ ఎంచుకోవాల్సి వస్తే కాస్త బరువైనా ఎల్‌ఎఫ్‌పీయే మెరుగు. పాత లెడ్ యాసిడ్ ఛార్జర్‌ను మాత్రం దానికి వాడకూడదు. నిండాక కూడా కొద్దికొద్దిగా కరెంటు తోస్తూ ఉండే దాని పద్ధతి లిథియంకు పడదు.

ప్యాక్ కొనేటప్పుడు వోల్టులు, ఆంపియర్-అవర్లు (ప్యాక్‌లో పట్టే ఛార్జ్) అడిగి ఊరుకుంటే చాలదు. బీఎంఎస్ ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అడగాలి. ఎత్తు ఎక్కడానికి 21 కావాలని లెక్క తేలింది కాబట్టి 20 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న ప్యాక్ ఎక్కుతుండగానే ఆగిపోవచ్చు. కనీసం 30 ఉండాలి. సెల్‌లు కొత్తవా, ఎక్కడివి అని అడిగితే బిల్లు మీద రాసివ్వగలగాలి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి, ఇతర ప్యాక్‌ల నుంచి ఏరిన 18650 అనే చిన్న గుండ్రటి సెల్‌లను రంగు తొడుగు మార్చి అమ్మడం కొత్తేమీ కాదు. సామర్థ్యంలో తేడా ఉన్న సెల్‌లు కలిస్తే, ముందు చెప్పిన అయిదో బ్యాటరీ కథే ప్యాక్ లోపల, కంటికి కనపడకుండా నడుస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోలేని కారణం మన దగ్గరే ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు ప్రాణం కోల్పోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచాయి. పొగ పై అంతస్తులకు ఎగబాకి ఎనిమిది మంది చనిపోయారు. దేశంలో పలుచోట్ల బళ్లు తగలబడ్డాక కేంద్రం ఎలక్ట్రిక్ బళ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించి, మొదటి దశను 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశను 2023 మార్చి 31 నుంచి అమలులోకి తెచ్చింది. ఒక సెల్ మండితే పక్కవాటికి పాకుతుందా, నీళ్లు లోపలికి వెళతాయా అన్న పరీక్షలు కొత్త బళ్ల బ్యాటరీలకు ఇప్పుడు తప్పనిసరి. గల్లీలో కట్టిన ప్యాక్ ఈ పరీక్షల్లో ఒక్కటీ చూసి ఉండదు. అలాంటి ప్యాక్‌ను అమీర్‌పేట హాస్టల్ మెట్ల కింద, బయటికి వెళ్లే ఒకే ఒక్క దారిలో, రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయడం ఆ బండి యజమాని ఒక్కడి ప్రమాదం కాదు. ఆ మెట్ల పైన గదుల్లో ఉండి చదువుకునే పిల్లలందరిదీ.

వేగం పెరిగితే మారేవి

లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగే బళ్లకు కేంద్ర మోటారు వాహన నిబంధనలు గీసిన గీత స్పష్టంగా ఉంది: మోటార్ శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోల లోపు. వేగానికి హద్దు పెట్టే తీగను కంట్రోలర్ దగ్గర విప్పినా, వోల్టేజీ పెంచి 40కి తీసుకెళ్లినా ఆ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనం. అప్పుడు దానికి నంబరు ప్లేటు, బీమా, నడిపేవారికి లైసెన్సు ఉండాలి. గల్లీలో మార్చిన బండికి నంబరు తెచ్చుకునే దారి దాదాపు లేదు. ముందే నంబరు ఉన్న బండిని అనుమతి లేకుండా మారిస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అన్నిటికంటే బరువైనది బీమా. బండి తగిలి ఒక మనిషి దెబ్బతింటే పరిహారం సొంత జేబు నుంచి కట్టాల్సి వస్తుంది. డెలివరీ పనితో ఇల్లు నడుపుకునే కుర్రాడికి అది కోలుకోలేని దెబ్బ.

బ్రేకుల లెక్క కూడా ఉంది. 25 నుంచి 40కి వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి రెండున్నర రెట్లు. డ్రమ్ములు, టైర్లు, ఫోర్కు అన్నీ 25 కోసం కట్టినవే. రేంజ్ కూడా ఆశించినట్టు ఉండదు. చదును రోడ్డు మీద ఒక్కరే 25తో వెళుతుంటే కిలోమీటరుకు సుమారు 13 వాట్-అవర్లు ఖర్చయితే, 40తో వెళితే గాలి ఒత్తిడి వల్ల 23 దాకా అవుతాయి. 60 వోల్టుల ప్యాక్‌లో శక్తి పాతికశాతం ఎక్కువున్నా, ఆ వేగంతో నడిపితే దూరం దాదాపు 30 శాతం తగ్గుతుంది. గాలి ఆడని హబ్ మోటార్‌లో వేడి పెరిగి హాల్ సెన్సర్లు (మోటార్ ఏ స్థానంలో తిరుగుతోందో కంట్రోలర్‌కు చెప్పేవి), అయస్కాంతాలు దెబ్బతినడం వేరే ఖర్చు.

ఇన్నిటి తర్వాత కూడా 60కి వెళ్లడం అర్థవంతమయ్యే బళ్లు కొన్ని ఉన్నాయి. నంబరు ఉండి, తయారీదారే అదే మోడల్‌ను 60 వోల్టుల్లో కూడా అమ్మి, ఆ కంట్రోలర్, కన్వర్టర్, ఛార్జర్, మీటర్ సెట్టుగా దొరికే బళ్లు. వాటిని కంపెనీ సర్వీసు సెంటర్‌లో, కాగితాల మీదికి ఎక్కేలా మార్పించుకోవాలి. అది కుదరకపోతే, ఖర్చులన్నీ కలిపి చూసుకున్నప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్న బండికి మారడమే తక్కువలో తేలవచ్చు. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేశారు.

మిగతా పాత బళ్లకు వరుస ఇలా ఉంటే సరిపోతుంది. ముందు భారం మీద కొలత, తర్వాత కనెక్టర్లు, బ్రేకు షూలు, గాలి. బ్యాటరీ పోయిందని తేలితే అదే వోల్టేజీలో, 30 ఆంపియర్లు ఇవ్వగల బీఎంఎస్ ఉన్న ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్, దాని సొంత ఛార్జర్. కొత్త ప్యాక్ పెట్టిన మొదటి వారం ఎత్తు ఎక్కి దిగిన ప్రతిసారీ బండి ఆపి, కంట్రోలర్ దగ్గరి మందపు తీగల తొడుగును, లగ్గుల చుట్టూ చేత్తో తడిమి చూడాలి. హబ్ మీద వేలు మూడు సెకన్లు నిలవకపోతే ఆ బండి మీద ఆ ఎత్తుకు ఇద్దరు ఎక్కువ.